బోర్డు మీద రాయని మాట

దేశంలో బ్యాంకులు ఎన్ని రకాలు? పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది రెండు మార్కుల ప్రశ్న. రిజర్వు బ్యాంకు, వాణిజ్య బ్యాంకులు, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలు అని వరుసగా రాసి అభ్యర్థి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాడు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో, తెలుగువారు తరాలుగా స్థిరపడిన ఖుర్సీపార్‌లో మాత్రం ఇది పరీక్ష హాలులో ముగిసిపోయే ప్రశ్న కాదు. కూతురి పెళ్లికనో, సొంత ఊళ్లో ఇంటి కప్పు మార్చడానికనో దాచిన సొమ్ము ఏ రకం సంస్థ చేతిలో ఉందన్న దాన్నిబట్టే అది తిరిగి వస్తుందా రాదా అన్నది తేలుతుంది. ఆ రకమేమిటో దాచుకున్న మనిషికి అర్థమయ్యేలా చెప్పే పనిని మాత్రం ఏ ప్రభుత్వమూ సూటిగా తలకెత్తుకోలేదు. కేంద్రం రాష్ట్రాల వైపు చూపుతుంది. రాష్ట్రాలు రిజర్వు బ్యాంకు వైపు చూపుతాయి. అది తన పరిధిలోని సంస్థ కాదని రిజర్వు బ్యాంకు అంటుంది. ముగ్గురి మాటా చట్టప్రకారం నిజమే కావచ్చు. నష్టపోయేది మాత్రం నాలుగో మనిషి.

ఖుర్సీపార్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరిన తర్వాత భిలాయిలో ఉక్కు కర్మాగార నిర్మాణం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణంలో మట్టి మోయడానికి, కాంక్రీటు పోయడానికి దేశం నలుమూలల నుంచీ వచ్చిన కూలీల్లో నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పని అయిపోయాక కొందరు తిరిగి వెళ్లారు, చాలామంది ఉండిపోయారు. వారిలో కొందరికి కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగాలు దొరికాయి. మిగిలినవారు కాంట్రాక్టర్ల కింద, చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలలో, బజారులో బతుకు వెతుక్కున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడే బస్తీ అలా ఏర్పడింది.

ఆ కర్మాగారానికి పెట్టుబడి ఎలా సమకూరిందో గుర్తు చేసుకోవడం ఇక్కడ అవసరం. సోవియట్ యూనియన్ ఇచ్చిన రుణంపై వడ్డీ ఏడాదికి 2.5 శాతం, తీర్చడానికి 12 ఏళ్ల గడువు. దీర్ఘకాలిక నిర్మాణానికి దీర్ఘకాలిక రుణం కావాలనీ, రోజువారీ వ్యాపారానికి డబ్బు తిప్పే బ్యాంకు అందుకు సరిపోదనీ ఆనాటి ప్రభుత్వానికి స్పష్టంగా తెలుసు. అందుకే 1948లో ఐఎఫ్‌సీఐ, 1955లో ఐసీఐసీఐ, 1964లో ఐడీబీఐ వంటి అభివృద్ధి ఆర్థిక సంస్థలు పుట్టాయి. వ్యవసాయానికి 1982లో నాబార్డు, చిన్న పరిశ్రమలకు 1990లో సిడ్బీ వచ్చాయి. సరళీకరణ తర్వాత గాలి మారింది. 2002లో ఐసీఐసీఐ, 2004లో ఐడీబీఐ వాణిజ్య బ్యాంకుల రూపం దాల్చాయి. మౌలిక వసతులకు దీర్ఘకాలిక రుణమిచ్చే ప్రత్యేక సంస్థ లేదన్న కొరత తెలిసివచ్చి 2021లో నాబ్‌ఫిడ్‌ను మళ్లీ కొత్తగా నెలకొల్పవలసి వచ్చింది. రకాల మధ్య గీతలు చెరిపేస్తే ఏమవుతుందో రాజ్యం తన అనుభవంతోనే నేర్చుకుంది. కర్మాగారం విషయంలో నేర్చుకున్న ఈ పాఠాన్ని కార్మికుడి విషయంలో వర్తింపజేయలేదు.

భిలాయి కార్మికులు తమ బతుకును రెండు మాటల్లో చెప్పుకుంటారు: ‘నౌకరీ’, ‘కామ్’. ఉక్కు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగం నౌకరీ. కాంట్రాక్టరు కింద చేసేది కామ్. దశాబ్దాల పాటు ఇక్కడ అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జోనథన్ పారీ 2020లో వెలువరించిన ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ గ్రంథం ఈ రెంటి మధ్య అంతరం కేవలం జీతంలో తేడా కాదనీ, అది వర్గభేదమేననీ వాదిస్తుంది. కాంట్రాక్టు కార్మికుల వేతనాల కోసం, హక్కుల కోసం పోరాడిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబర్ 28న భిలాయిలోనే కాల్చి చంపారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలలో పర్మినెంటు ఉద్యోగుల సంఖ్య తగ్గుతూ, కాంట్రాక్టు శ్రమ వాటా పెరుగుతూ వచ్చింది. నౌకరీకీ కామ్‌కీ మధ్య ఉన్న గీత కర్మాగారం గేటు దగ్గర ఆగిపోలేదు. బ్యాంకు కౌంటరు దాకా వచ్చింది.

నౌకరీ ఉన్నవాడికి వాణిజ్య బ్యాంకులో జీతం ఖాతా ఉంటుంది. జీతం చీటీ చూపిస్తే ఇంటి రుణం, వాహన రుణం దొరుకుతాయి. ఈ బ్యాంకులు సామాన్యుడి దాకా రావడం వెనుక పెద్ద రాజకీయ చరిత్రే ఉంది. 1955 జూలై 1న స్టేట్ బ్యాంకు, 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ, 1980 ఏప్రిల్ 15న మరో ఆరింటి జాతీయీకరణ. ఆ ఆరింటిలో ఒకటి ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కూడా మిగలకుండా పోయింది. తెలుగువారిలో అది కలిగించిన బాధ అర్థం చేసుకోదగినదే. అయినా దాని ఖాతాదారులలో ఎవరి సొమ్మూ పోలేదు. పేరు మారింది, రకం మారలేదు. ఖుర్సీపార్ వంటి చోట్ల ప్రమాదమంతా దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ పేరు నమ్మకంగా వినిపిస్తుంది, రకమే వేరు.

కామ్ చేసేవాడికి కూడా ఖాతా లేకపోలేదు. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ పథకం దేశమంతటా 50 కోట్లకు పైగా ఖాతాలు తెరిపించింది. అది చిన్న విజయమేమీ కాదు. సబ్సిడీ నేరుగా ఖాతాలో పడుతోంది, వేతనం పడుతోంది. అయితే ఖాతా ఉండటం వేరు, ఆ బ్యాంకు తనను రుణానికి అర్హుడిగా గుర్తించడం వేరు. నెలకు ఎన్ని రోజులు పని దొరుకుతుందో తెలియని మనిషికి, అద్దె గదికి తప్ప దేనికీ కాగితం లేని మనిషికి వాణిజ్య బ్యాంకు తలుపు డిపాజిటు వైపు తెరుచుకున్నంత తేలికగా రుణం వైపు తెరుచుకోదు.

గ్రామాల్లో ఈ లోటు పూడ్చడానికే 1975 అక్టోబర్ 2న ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు పుట్టాయి. వాటికి రూపురేఖలు దిద్దిన కార్యబృందానికి నాయకత్వం వహించినది తెలుగువాడైన ఎం. నరసింహం. జిల్లా మనుషులను, జిల్లా పంటలను ఎరిగిన చిన్న బ్యాంకు ఉండాలన్నది అప్పటి ఆలోచన. దుర్గ్-రాజ్‌నంద్‌గావ్ గ్రామీణ బ్యాంకు అలాంటిదే; 2013లో అది ఛత్తీస్‌గఢ్ రాజ్య గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. 2025 మే 1న ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ విధానం కింద దేశంలో వీటి సంఖ్య 43 నుంచి 28కి తగ్గింది. ఖుర్సీపార్ కుటుంబాల బంధువులుండే ఉత్తరాంధ్ర పల్లెల్లోని గ్రామీణ బ్యాంకు శాఖలు కూడా ఇప్పుడు అమరావతి కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమే. పెట్టుబడి బలం, సాంకేతిక బలం పెరుగుతాయని ప్రభుత్వం చెబుతున్న మాటలో నిజముంది. కానీ ఎంత పెద్దదైతే అంత స్థానికత తగ్గుతుందన్న ఆందోళనకూ ఆధారం లేకపోలేదు. ఇంతకూ గ్రామం కోసం పుట్టిన ఈ బ్యాంకుల ఊహలో పారిశ్రామిక బస్తీ ఏనాడూ లేదు. పల్లె వదిలి వచ్చి, పట్నానికి పూర్తిగా చెందని మనిషి కోసమంటూ ఒక బ్యాంకు రకం రూపొందనే లేదు.

ఆ ఖాళీలోకి మొదట వచ్చింది సహకారం. 1904 నాటి చట్టంతో మొదలైన సహకార పరపతి ఉద్యమం రైతుకూ, చిరుద్యోగికీ పెద్ద అండ. అయితే ‘సహకార’ అన్న ఒక్క మాట కింద చట్టం దృష్టిలో పూర్తిగా వేర్వేరు సంస్థలున్నాయి. రిజర్వు బ్యాంకు లైసెన్సు పొందిన పట్టణ సహకార బ్యాంకు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ఒక రకం. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం, ఉద్యోగుల పరపతి సంఘం, బహుళ రాష్ట్ర పరపతి సంఘం మరో రకం. మొదటి రకంలో డిపాజిట్లకు బీమా ఉంది. రెండో రకంలో లేదు. ఆ తేడా బయటి నుంచి చూసేవారికి కనిపించదు. అదే పాస్‌బుక్, అదే రబ్బరు స్టాంపు, అదే కౌంటరు.

డిపాజిట్ బీమా సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. 1960లో కేరళకు చెందిన పాలై సెంట్రల్ బ్యాంకు కూలిపోయిన తర్వాత పార్లమెంటు చట్టం చేసింది. 1962 జనవరి 1న బీమా అమలులోకి వచ్చింది. అప్పటి పరిమితి 1,500 రూపాయలు. 1993లో లక్షకు చేరిన ఆ పరిమితి దాదాపు 27 ఏళ్లపాటు కదల్లేదు. పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు సంక్షోభం తర్వాతే, 2020 ఫిబ్రవరి 4న, ఐదు లక్షలైంది. ఆంక్షలు విధించిన బ్యాంకు ఖాతాదారులకు 90 రోజుల్లో బీమా సొమ్ము అందించాలన్న సవరణ 2021లో వచ్చింది. సికింద్రాబాదులోని కృషి సహకార అర్బన్ బ్యాంకు 2001లో మూతపడినప్పుడు డిపాజిటర్లు పడిన అవస్థ తెలుగువారికి ఇప్పటికీ గుర్తుంది. బ్యాంకే కూలినా కనీసం కొంత సొమ్ముకు చట్టం పూచీ ఉంటుందన్న భరోసా ఈ అనుభవాల నుంచి పుట్టింది. వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, చిన్న ఫైనాన్స్ బ్యాంకులు, పేమెంట్స్ బ్యాంకులు, లైసెన్సున్న సహకార బ్యాంకులు ఈ గొడుగు కింద ఉన్నాయి. తపాలా పొదుపు ఈ బీమా కిందకు రాకపోయినా దానికి ప్రభుత్వ హామీ ఉంది. పరపతి సంఘాలు, బ్యాంకింగేతర సంస్థలు, చిట్‌ఫండ్ కంపెనీలు గొడుగు బయటే ఉన్నాయి. ఖుర్సీపార్‌లో ఇంటింటికీ వచ్చి డబ్బు తీసుకునే ఏజెంటు గొడుగు లోపలివాడా, బయటివాడా అన్నదే అసలు ప్రశ్న.

తెలుగువారు ఎక్కడికి వెళ్లినా చీటీ కూడా వెంట వెళ్లింది. ఇరవై మంది కలిసి నెలకింత వేసుకుని, పాట పాడుకుని, అవసరమున్నవారు ముందు తీసుకుని, ఆగగలిగినవారు చివర తీసుకునే ఈ పద్ధతి బ్యాంకు చేయలేని పనిని చేస్తుంది. ఆస్తి హామీ అడగకుండా, మనిషిని ఎరిగినందుకే అప్పిస్తుంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం దీన్ని గుర్తించింది. చీటీ నడిపే సంస్థ రిజిస్ట్రారు దగ్గర నమోదు కావాలి, చీటీ మొత్తానికి సరిపడే హామీని ముందే జమ చేయాలి, కమిషన్ ఏడు శాతం దాటకూడదు. ఐదుగా ఉన్న ఆ పరిమితిని 2019 సవరణ ఏడుకు పెంచింది. చట్టం కేంద్రానిదే అయినా అమలు రాష్ట్రాలది. నమోదైన చీటీ మోసపూరితమైనది కాదు. నమోదు కాని చీటీ నడపడం మాత్రం చట్టవిరుద్ధం.

ఛత్తీస్‌గఢ్ రాజకీయాల్లో ‘చిట్‌ఫండ్’ అన్న మాటకు అర్థం పూర్తిగా వేరు. డిపాజిట్లు సేకరించి బోర్డు తిప్పేసిన కంపెనీలన్నిటికీ అక్కడ అదే పేరు. వాటిలో చాలావాటికి చీటీతో ఏ సంబంధమూ లేదు. భూముల పేరుతో, తోటల పేరుతో, పశువుల పేరుతో, కొన్నేళ్లలో సొమ్ము రెట్టింపు అవుతుందన్న హామీతో వసూలు చేసిన డబ్బు అది. ఈ పేరు గందరగోళం వల్ల రెండు నష్టాలు జరిగాయి. నిజాయితీగా నడిచే చీటీకి చెడ్డపేరు వచ్చింది. మోసపూరిత డిపాజిట్ కంపెనీకేమో చట్టంలో ఎక్కడో చోటున్న సంస్థలా గౌరవం దక్కింది.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే కథకు మరో పేరు అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ పలు రాష్ట్రాల్లో 32 లక్షల ఖాతాల నుంచి సుమారు 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసిందని దర్యాప్తు సంస్థలు తేల్చాయి. ఇంటి స్థలమో, భూమి వాటానో ఇస్తామన్న ఒప్పందం పేరుతో సేకరించిన సొమ్ము కాబట్టి పైకి అది డిపాజిట్‌లా కనిపించలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్లకు రాష్ట్ర ఖజానా నుంచి చెల్లించింది. బాధితులకు అది ఊరటే. అయితే రాష్ట్ర ఖజానా రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. వలస కుటుంబం పొదుపు రెండు రాష్ట్రాల మధ్య తిరుగుతుంది. ఓటరు జాబితా ఒకచోట, బంధువుల సిఫార్సు మీద కట్టిన డబ్బు మరోచోట ఉన్న మనిషి ఏ ముఖ్యమంత్రి గుమ్మం ముందు నిలబడాలి?

రకాల మధ్య దూకి తప్పించుకోవడానికి సహారా ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ గ్రూపులోని ఫైనాన్స్ సంస్థను కొత్త డిపాజిట్ల సేకరణ నుంచి దశలవారీగా తప్పిస్తూ 2008లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తర్వాత గ్రూపులోని మరో రెండు కంపెనీలు డిబెంచర్ల పేరుతో ప్రజల నుంచి డబ్బు సేకరించాయి. అది సెబీ పరిధి అని తేల్చి, మదుపరుల సొమ్ము తిరిగి ఇవ్వాలని 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే గ్రూపుకు చెందిన నాలుగు బహుళ రాష్ట్ర సహకార సంఘాలు కూడా డిపాజిట్లు సేకరించాయి. వాటిపై పర్యవేక్షణ కేంద్ర సహకార రిజిస్ట్రారుది. 2023 మార్చి 29న సుప్రీంకోర్టు 5,000 కోట్లు ఆ సంఘాల డిపాజిటర్లకు మళ్లించడానికి అనుమతించాక, జూలైలో చెల్లింపుల పోర్టల్ మొదలైంది. మొదట్లో ఒక్కొక్కరికి పది వేల వరకు, ఆ తర్వాత యాభై వేల వరకు ఇచ్చారు. రిజర్వు బ్యాంకు, సెబీ, సహకార రిజిస్ట్రారు అంటూ నియంత్రణ సంస్థలు మూడు. కట్టేవారి కంటికి మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరు.

పొదుపు వైపు పరిస్థితి ఇది. అప్పు వైపు మరో చిత్రం కనిపిస్తుంది. బ్యాంకులు తమ రుణాలలో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఆ లక్ష్యంలో కొంత భాగాన్ని పేదలకు నేరుగా ఇవ్వకుండా సూక్ష్మరుణ సంస్థలకు అప్పిచ్చి కూడా చూపించుకోవచ్చు. సిడ్బీ వంటి సంస్థల డబ్బు కూడా ఈ దారిలో వస్తుంది. సూక్ష్మరుణ సంస్థ దాన్నే బస్తీలోని మహిళల బృందాలకు 20 శాతానికి పైబడిన వడ్డీకి ఇస్తుంది. వసూలు వారానికోసారో, పదిహేను రోజులకోసారో. అంటే డిపాజిట్ రూపంలో బస్తీ నుంచి తక్కువ వడ్డీకి బయలుదేరిన రూపాయి మధ్యలో రెండు మూడు సంస్థలు దాటి, ఎక్కువ వడ్డీతో అదే బస్తీకి చేరుతుంది. మధ్యలోని ప్రతి సంస్థా చట్టబద్ధమైనదే. ప్రతి సంస్థకూ తన ఖర్చు తనకుంది. ఆ ఖర్చులన్నీ కలిపి భరించేది మాత్రం కామ్ చేసేవాడి ఇల్లాలు.

దీనికి నిషేధం మందు కాదని తెలుగు నేల అనుభవం చెబుతోంది. 2010 అక్టోబర్‌లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు సూక్ష్మరుణ సంస్థల వసూలు వేధింపులకు అడ్డుకట్ట వేసింది. అదే సమయంలో వసూళ్లు కుప్పకూలి, ఆ సంస్థలు రాష్ట్రం నుంచి తప్పుకున్నాయి. మిగిలిన ఖాళీని బ్యాంకులు పూర్తిగా నింపలేదు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. నిబంధన మంచిదే. నెలనెలా మారే ఆదాయాన్ని కాగితం మీద ఎవరు లెక్కగడతారన్నది వేరే ప్రశ్న.

ఇక రాజకీయం సంగతి. 2018 ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికల్లో చిట్‌ఫండ్ బాధితుల సొమ్ము తిప్పి ఇప్పించడం కాంగ్రెస్ ముఖ్య వాగ్దానాల్లో ఒకటి. ఆ పార్టీ గెలిచింది. కొన్ని కంపెనీల ఆస్తులను వేలం వేసి కొంతమందికి సొమ్ము తిరిగి ఇచ్చారు. అందనివారి సంఖ్య ముందు అందినవారి సంఖ్య చాలా చిన్నది. 2023లో అధికారం బీజేపీకి మారింది. బాధితులు మారలేదు. ఇటు ఆంధ్రలో అగ్రిగోల్డ్ ప్రతి ఎన్నికల్లోనూ ఎదుటి పార్టీని నిలదీసే అస్త్రంగా ఉపయోగపడుతూ వచ్చింది. సొమ్ము తిరిగి ఇప్పిస్తామన్న మాటకు ఓట్లున్నాయి. సొమ్ము పోకుండా చూస్తామన్న మాటకు లేవు. కూలిపోయిన కంపెనీ బాధితులు ఊరేగింపుగా వస్తారు, సభలకు వస్తారు. కూలిపోకుండా ఆపిన కంపెనీకి బాధితులుండరు, కృతజ్ఞత చెప్పేవారూ ఉండరు. అందుకే మన రాజకీయం పోయినదాన్ని తెచ్చే వాగ్దానాలు చేస్తుంది గానీ పోకముందు కాపలా కాయదు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. ప్రైజ్ చిట్లను, మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. డిపాజిటర్ల రక్షణకు ఆంధ్రప్రదేశ్‌లో 1999లో, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో చట్టాలు చేశారు. నియంత్రణలేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో పార్లమెంటు కఠిన చట్టం చేసింది. అటువంటి డిపాజిట్ స్వీకరిస్తే రెండు నుంచి ఏడేళ్ల జైలు. బ్యాంకు కాని సంస్థ తన పేరులో ‘బ్యాంకు’ అని రాసుకోకూడదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ఏడో సెక్షను చెబుతోంది. 2020 సవరణ సహకార సంఘాలకూ దాన్ని వర్తింపజేసింది. అయినా కొన్ని సంఘాలు ఆ పేరు వాడుతున్నాయని 2021లో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. అనధికార డిపాజిట్లపై ఫిర్యాదు చేయడానికి 2016 నుంచి ‘సచేత్’ పోర్టల్ కూడా ఉంది. లోటు చట్టంలో లేదు. ఆ చట్టం ఖుర్సీపార్ గుమ్మం దాకా నడిచి రావడంలో ఉంది.

అత్యాశకు పోయినవారికి నష్టం తప్పదని, దానికి ప్రభుత్వమేం చేస్తుందని వాదించేవారున్నారు. రెట్టింపు వడ్డీ ఆశపెట్టిన చోట ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ రోజుకు యాభయ్యో వందో దాచే మనిషిని ఏజెంటు దగ్గరకు పంపేది ప్రధానంగా అత్యాశ కాదు, సౌకర్యం. షిఫ్టు ముగిసే వేళకు బ్యాంకు మూసి ఉంటుంది. ఏజెంటు ఇంటికే వస్తాడు, తెలిసిన భాషలో మాట్లాడతాడు, చిన్న మొత్తాన్ని చులకనగా చూడడు. చాలాచోట్ల ఆ ఏజెంటు కూడా అదే బస్తీ కుర్రాడు. కంపెనీ కూలినప్పుడు అందరికంటే ముందు నిలదీతకు గురయ్యేదీ అతనే. పైవాళ్ల ఆస్తుల దాకా దర్యాప్తు వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. ఆ కుర్రాడి ఇంటి ముందుకు జనం రావడానికి ఒక పూట చాలు.

ఈ పరిస్థితిని మార్చడానికి కొత్త మహా చట్టం అవసరం లేదు. డబ్బు తీసుకునే ప్రతి సంస్థ గుమ్మం మీదా, పాస్‌బుక్ మొదటి పేజీ మీదా, ఏజెంటు ఇచ్చే రసీదు మీదా మూడు వాక్యాలు పెద్ద అక్షరాలతో ఉండాలి. ఈ సంస్థ ఏ రకం, దీన్ని ఎవరు పర్యవేక్షిస్తారు, ఇక్కడి సొమ్ముకు డిపాజిట్ బీమా ఉందా లేదా. హిందీతోపాటు బస్తీ మాట్లాడే భాషలోనూ ఉండాలి. బీమా ఉన్న బ్యాంకులు తమ వెబ్‌సైట్లలో డిపాజిట్ బీమా సంస్థ చిహ్నం చూపాలన్న నిబంధన 2023లో వచ్చింది. బ్యాంకింగేతర సంస్థలు బీమా లేదన్న సంగతి దరఖాస్తు ఫారాలలో చెప్పవలసి ఉంది. ఎవరూ చదవని చోట, ఎవరికీ కనిపించని అక్షరాల్లో చెప్పిన నిజం చెప్పనట్టే. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక బొమ్మ వేయించగలిగిన ప్రభుత్వానికి పాస్‌బుక్ మీద ఒక వాక్యం రాయించడం కష్టం కాకూడదు.

రెండోది, ఫిర్యాదుకు ఒకే చోటు. సంస్థ ఏ రకమో తేల్చే భారం డిపాజిటరు మీద పెట్టకుండా, కలెక్టరు కార్యాలయంలో ఒకే కౌంటరు ఫిర్యాదు తీసుకుని సరైన నియంత్రణ సంస్థకు పంపాలి. రాష్ట్రాలు దాటిన సంస్థ అయితే బాధితుడు ఎక్కడ నివసిస్తే అక్కడే ఫిర్యాదు చెల్లాలి, పరిహారంలో వాటా దక్కాలి. మూడోది, బ్యాంకుల బాధ్యత. సూక్ష్మరుణ సంస్థల ద్వారా లక్ష్యం చూపించుకోవడంతో సరిపెట్టకుండా, కాంట్రాక్టు కార్మికుడి ఖాతాలో నెలనెలా పడుతున్న వేతనాన్నే ఆధారంగా తీసుకుని చిన్న రుణాలు నేరుగా ఇచ్చే ఏర్పాటు పారిశ్రామిక పట్టణాల్లోనైనా మొదలుకావాలి. ఆ వేతన చరిత్ర ఇప్పటికే బ్యాంకు కంప్యూటర్లలో ఉంది. షిఫ్టు వేళలకు తగ్గట్టు పనిచేసే బ్యాంకు మిత్రలను బస్తీలోనే నియమిస్తే ఏజెంటుకున్న ఒకే ఒక్క అనుకూలతా తగ్గుతుంది.

ఉక్కు కర్మాగారం కట్టడానికి 2.5 శాతం వడ్డీకి, 12 ఏళ్ల గడువుకు రుణం వెతికి తెచ్చిన దేశమిది. ఆ కర్మాగారాన్ని కట్టిన చేతుల మూడో తరం 20 శాతానికి పైగా వడ్డీకి అప్పు తెచ్చుకుని, బీమా లేని చోట పొదుపు దాస్తోంది. ఈసారి ఖుర్సీపార్‌కు ఓట్లు అడగడానికి వచ్చే నాయకుడు పోయిన సొమ్ము తెప్పిస్తానని తప్పక చెబుతాడు. ఇప్పుడు కడుతున్న సొమ్ము ఏ రకం సంస్థకు వెళ్తోందో, అది పోతే పూచీ ఎవరిదో బోర్డు మీద రాయిస్తావా అని అతన్ని అడగాలి. సూటిగా జవాబు చెప్పేవాడెవరో, రిజర్వు బ్యాంకు వైపు వేలు చూపేవాడెవరో అక్కడే తేలిపోతుంది.